కుర్సురా జలాంతర్గామిని పిల్లలకు చూపించడం ఎలా: విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లేవారి కోసం

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురాను చూసిరాని కుటుంబాలు మన వైపు తక్కువ. అయినా చూసివచ్చిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టి లోపల ఏముందని అడిగితే, "పైపులున్నాయి, మంచాలున్నాయి" అనే రెండు ముక్కలకు మించి జవాబు రాదు. అందులో పిల్లవాడి తప్పేమీ లేదు. వెనుక నుంచి జనం తోస్తుంటే, ముందు నుంచి తల్లి చెయ్యి లాగుతుంటే, తొంభై మీటర్ల ఇనుప గొట్టంలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినవాడికి పైపులు కాక మరేం కనబడతాయి?

చీపురుపల్లి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పిన కాలంలో నేను పిల్లల్ని అక్కడికి చాలాసార్లు తీసుకువెళ్లాను. మొదటిసారి సోమవారం నాడు వెళ్లి, మూసిన గేటు బయట నుంచే చూపించి తిరిగివచ్చాను. సోమవారం సెలవని ముందుగా కనుక్కోకపోవడం పూర్తిగా నా తప్పే. రెండోసారి నలభై మందినీ ఒకేసారి వరుసలో పెట్టి లోపలికి పంపాను, పావుగంటలో అందరూ అవతలి వైపు దిగిపోయారు. ఆ తరువాతి ప్రయాణాల్లో కొద్దికొద్దిగా కుదురుకున్న పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. బడి పిల్లల్ని తీసుకువెళ్లే ఉపాధ్యాయులకూ, ఇద్దరు ముగ్గురు పిల్లలతో వెళ్లే తల్లిదండ్రులకూ ఇది ఒకేలా పనికివస్తుంది.

బయలుదేరడానికి ముందు ఇంటి దగ్గర

సగం పని విశాఖపట్నం చేరకముందే పూర్తి కావాలి. లోపల వివరించి చెప్పడానికి సమయమూ చోటూ దొరకవు కాబట్టి, ఏది ఎందుకు ఉందో పిల్లలకు ముందే తెలిసి ఉంటే అక్కడ గుర్తుపట్టడమే మిగులుతుంది.

మొదట కొలత. కుర్సురా పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. బడి ఆటస్థలంలో గాని, ఊరి చివర ఖాళీ కళ్లంలో గాని టేపు పట్టి ఆ కొలతకు సున్నంతో గీత గీయించండి. గీసినంతసేపూ పిల్లలు "ఎంత పెద్దదో" అంటారు. అప్పుడు ఆ గీత లోపల 75 మందిని నిలబెట్టండి, ఎందుకంటే అధికారులూ నావికులూ కలిపి అందులో పనిచేసినవారి సంఖ్య సుమారు అంతే. తరువాత, నౌకకు రెండు పొరల గోడలుంటాయనీ, మనుషులు మసలేది లోపలి గొట్టంలోనేననీ చెప్పి, వెడల్పును రెండు వైపుల నుంచీ కుదించండి. ఇంజన్లకు ఇంత, టార్పెడోలకు (నీటిలో దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధాలకు) ఇంత, బ్యాటరీలకు ఇంత అని మరికొంత చోటు తీసివేయండి. పిల్లలు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ సర్దుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఇలా వారాల తరబడి ఉండాలని చెబితే సరిపోతుంది. మా బడిలో ఒక అమ్మాయి అప్పుడే అడిగింది: "మాస్టారూ, మరి స్నానం ఎక్కడ చేస్తారేటి?" మోసుకువెళ్లే మంచినీరు తాగడానికీ వంటకూ సరిపడేంతే ఉంటుంది కాబట్టి, ఆ తరం జలాంతర్గాముల్లో స్నానం అనేది ఒడ్డుకు చేరిన తరువాతి మాట. ఆ ప్రశ్న ఆటస్థలంలోనే పుట్టింది కాబట్టి, లోపలికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి స్నానాలగది కోసం వెతుక్కుంటూ ప్రతి మూలా చూసింది.

రెండోది, మునగడమూ తేలడమూ. దీనికి ఒక ఖాళీ కూల్‌డ్రింకు సీసా, మూరెడు సెలైన్ గొట్టం, కొంచెం ఎం-సీల్ చాలు. సీసా అడుగున రెండు మూడు కన్నాలు పెట్టి, నిటారుగా నిలవడానికి లోపల నాలుగు గులకరాళ్లు వేయండి. మూతకు కన్నం చేసి గొట్టం దూర్చి, చుట్టూ గాలి పోకుండా ఎం-సీల్ పూయండి. గొట్టం కొసను వేలితో మూసి సీసాను నీళ్ల తొట్టిలో పెడితే, అడుగున కన్నాలున్నా లోపలి గాలి బయటికి పోయే దారి లేదు కాబట్టి అది తేలుతుంది. వేలు తీయగానే గాలి బుసబుసమంటూ గొట్టం గుండా పోతుంది, కింది నుంచి నీరు ఎక్కుతుంది, సీసా మునుగుతుంది. గొట్టంలోకి నోటితో గట్టిగా ఊదితే నీరు కన్నాల గుండా దిగిపోయి సీసా మళ్లీ పైకి వస్తుంది. జలాంతర్గామిలో రెండు గోడల మధ్య ఉండే బల్లాస్ట్ ట్యాంకుల పని సరిగ్గా ఇదే. వేలు ఉన్నచోట పైన తెరుచుకునే వెంట్లు ఉంటాయి, నోటితో ఊదడానికి బదులు సీసాల్లో బిగించిపెట్టిన అధిక పీడనపు గాలి ఉంటుంది. నీటిపై తేలుతున్నప్పుడు కుర్సురా బరువు సుమారు 1,950 టన్నులు, మునిగినప్పుడు సుమారు 2,475 టన్నులు అని లెక్క. ఆ రెండింటి మధ్య తేడా 525 టన్నులు, అంటే మునగడానికి అది తనలోకి తీసుకునే సముద్రపు నీరు. 525 టన్నులంటే 25 కిలోల బియ్యం బస్తాలు ఎన్నో పిల్లల చేత లెక్క వేయించండి. ఇరవై ఒక్క వేలు వస్తుంది.

ఆ బస్తానే మూడో పాఠానికీ పనికివస్తుంది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 250 మీటర్ల లోతుకు దిగేసరికి గోరంత చోటు మీద ఒక బియ్యం బస్తా బరువు పడుతుంది. నౌక ఒంటిమీద అలాంటి గోళ్లు ఎన్ని పడతాయో ఊహించుకోమంటే చాలు. గోడలు ఎందుకు అంత మందమో, లోపలి ఒళ్లు పెట్టెలా కాక గొట్టంలా ఎందుకు గుండ్రంగా ఉందో, కిటికీలు ఎందుకు లేవో మళ్లీ చెప్పనక్కరలేదు.

ఏ రోజు, ఏ దారి

సోమవారం తప్ప ఏ రోజైనా వెళ్లవచ్చు. మధ్యాహ్నం రెండు గంటలకు తెరిచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంచడం, ఆదివారాలు ఉదయం పూట కూడా తెరవడం చాలాకాలం సాగిన పద్ధతి. వేళలూ టికెట్ ధరలూ మారుతూ ఉంటాయి కాబట్టి ముందురోజు ఒకసారి కనుక్కుని బయలుదేరడం మంచిది. నా అనుభవంలో బుధ, గురువారాల్లో తెరిచిన మొదటి గంట అన్నిటికంటే మేలైన సమయం. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లవద్దు. బీచ్‌కు వచ్చిన నగరమంతా అటే వస్తుంది, లోపల నిలబడి చూడడం కుదరదు.

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. తూర్పు నౌకాదళం ఆర్కే బీచ్ ఎదుట విన్యాసాలు ప్రదర్శించే సంవత్సరాల్లో ఆ రోజూ, అంతకుముందు అభ్యాసం చేసే రోజులూ చూడవలసినవే గాని, మ్యూజియం చూడడానికి మాత్రం పనికిరావు. ఆ రెండింటినీ ఒకే ప్రయాణంలో కలపాలని చూసి రెండూ సగం సగం చూసి వచ్చినవారిని ఎరుగుదును. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను కబురు తప్పక వినాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖపట్నం దగ్గరే, 2018 అక్టోబరు 11న తిత్లీ దాటింది పలాస వైపు; ఈ నెలల సంగతి మన జిల్లాలవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

విజయనగరం నుంచి రైలు మార్గం 60 కిలోమీటర్ల పైచిలుకు. పిల్లలతో వెళ్లేవారికి బస్సు కంటే రైలే నయమని నా అభిప్రాయం, అందుకు ఒక కారణం కోరుకొండ స్టేషను. విజయనగరం దాటిన కాసేపటికే వచ్చే ఆ ఊళ్లోనే 1962లో మొదలైన సైనిక పాఠశాల ఉంది. అక్కడ చదివి సైన్యంలోనూ నౌకాదళంలోనూ అధికారులైనవారు ఎందరో ఉన్నారని చెబితే, చూడబోయే జలాంతర్గామి పిల్లలకు ఎక్కడిదో పరాయి వస్తువుగా అనిపించదు. శ్రీకాకుళం పట్నంవారు రైలు ఎక్కాలంటే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు వెళ్లాలి. అందుకని చాలామంది రోడ్డు దారినే ఎంచుకుంటారు. జాతీయ రహదారి మీద రణస్థలం, భోగాపురం, తగరపువలస మీదుగా సుమారు 110 కిలోమీటర్లు. సొంత బండి ఉన్నవారు తగరపువలస దగ్గర భీమిలి వైపు తిరిగి, అక్కడి నుంచి ఋషికొండ మీదుగా బీచ్ రోడ్డు పట్టుకుంటే, సముద్రాన్ని ఎడమ చేతి వైపు చూస్తూ నేరుగా మ్యూజియం ముందుకు చేరతారు. బస్సులో వెళ్లినవారు ద్వారకా బస్ స్టేషనులో, అంటే అందరూ కాంప్లెక్స్ అనే చోట దిగి ఆటో మాట్లాడుకుంటే చాలు.

మధ్యాహ్న భోజనం తేలికగా ఉండాలి. ఇంటి నుంచి పులిహోర కట్టుకువెళ్లి రెండు ముద్దలు తక్కువ తినడం, హోటల్లో కడుపు నిండా తిని ఆ ఇరుకులోకి దూరడం కంటే మంచిది. మురీ మిక్చరు, మొక్కజొన్న పొత్తుల సంగతి దిగివచ్చిన తరువాత చూసుకోవచ్చు. భుజాన వేలాడే సంచులు లోపల ప్రతిదానికీ తగులుకుంటాయి కాబట్టి వాటిని బయట ఒకరి దగ్గర వదలండి. చీర కట్టుకున్నవారు కొంగు నడుముకు దోపుకోవాలి. ఇనుప నేల మీద జారని చెప్పులు వేసుకోవాలి. ఫోటోలు తీసుకునే నిబంధన టికెట్ దగ్గరే అడగండి. అయితే అనుమతి ఉన్నా ఫోన్లు పిల్లల చేతికివ్వవద్దని నా సలహా. ఫోన్ చేతిలో ఉన్న పిల్లవాడు దేన్నీ రెండోసారి చూడడు.

లోపల

బడి పిల్లలైతే పది పన్నెండు మంది చొప్పున జట్లుగా విడదీసి, జట్టుకు ఒక పెద్ద తోడుగా, మధ్యలో కొంత వ్యవధి ఇచ్చి పంపండి. లోపల వివరించేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. వారు రోజుకు వందల మందికి అవే మాటలు చెప్పాలి కాబట్టి, మామూలు జనానికి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు నడిపిస్తారు. అదే పిల్లవాడు "సార్, వెంట్ తెరిచే చక్రం ఏది?" అని అడిగాడనుకోండి, వారి ముఖం మారిపోతుంది, వెనుక జనాన్ని కాసేపు ఆపి మరీ చూపిస్తారు. అందుకే ప్రతి పిల్లవాడూ ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలన్నది మా బడిలో నియమం.

నౌకను ముందు నుంచి వెనుకకు ఏడు గదులుగా విభజించారు. ఒక గదిలోకి నీరు వచ్చినా మిగిలినవి నిలవాలని వాటి మధ్య బలమైన అడ్డుగోడలు పెట్టారు. గది నుంచి గదికి వెళ్లేటప్పుడు తల వంచి, కాలెత్తి దాటాలని ముందే చెప్పి ఉంచండి. ఎక్కగానే పిల్లల చేత గదులు లెక్కపెట్టించడం మొదలుపెట్టండి. ఎక్కడున్నామో తెలిసినవాడికి ఇరుకులో భయం తగ్గుతుంది.

ముక్కు వైపు గదిలో ఆరు టార్పెడో గొట్టాలుంటాయి, తోక వైపు చివరి గదిలో నాలుగు. గొట్టం వ్యాసం 533 మిల్లీమీటర్లు. ముందు గదిలో ఆ గుండ్రటి తలుపుల దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడండి. ఒక్కో గొట్టానికి లోపలి వైపు ఒక తలుపు, సముద్రం వైపు ఒక తలుపు ఉంటాయి, రెండూ ఒకేసారి తెరుచుకోకుండా కట్టుదిట్టం చేస్తారు. లోపలి తలుపు తెరిచి టార్పెడోను తోసి, ఆ తలుపు మూసి, గొట్టంలోకి నీరు నింపి, ఆపైనే బయటి తలుపు తెరుస్తారు. వీటి పక్కనే, కొన్ని చోట్ల వీటికి ఆనుకునే పడకలుండడం చూపించండి. నిద్రపోయేవాడి వీపు కింద పేలుడు పదార్థం ఉన్న సంగతి పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు. ఇంకొక మాట మాత్రం చెప్పాలి: పడకలు మనిషికొకటి చొప్పున ఉండవు. కాపలాకు లేచి వెళ్లినవాడి పక్క వేడి ఆరకముందే, కాపలా దిగివచ్చినవాడు అందులో పడుకుంటాడు.

మూడో గది అజమాయిషీ గది, నీటి పైకి ఎత్తి బయట చూసే గొట్టాలు, అంటే పెరిస్కోపులు ఉండేది అక్కడే. జనమంతా పెరిస్కోపు దగ్గర గుమిగూడతారు. వారిని అక్కడ గుమిగూడనిచ్చి, మీ పిల్లలకు గోడ మీది లోతు కొలిచే గడియారాలనూ, వరుసగా ఉన్న చక్రాలనూ చూపించండి. తొట్టిలో సీసాకు వేలు అడ్డం పెట్టి తీసిన పని ఇక్కడి నుంచే జరుగుతుంది. ఒకసారి మా జట్టులో ఆరో తరగతి పిల్లవాడొకడు చుట్టూ చూసి, "కిటికీల్లేవేటి సార్, ఎదరేటుందో ఎలా తెలుస్తాది?" అని అడిగాడు. అక్కడున్న పెద్దాయన చెవి మీద చెయ్యి పెట్టి చూపించి, "ఇదే బాబూ మా కన్ను" అన్నారు. లోతులో వెలుతురు ఉండదు, చూపు పనిచేయదు. పెరిస్కోపు నీటి ఉపరితలానికి దగ్గరగా వచ్చినప్పుడే ఉపయోగపడుతుంది. మిగిలిన సమయమంతా సోనార్ ద్వారా, అంటే నీటిలోని చప్పుళ్లను పట్టే పరికరం ద్వారా వినడమే. పైన వెళ్లే ఓడ ప్రొపెల్లరు చప్పుడును బట్టి అది ఎటువంటిదో పోల్చుకోగల మనిషికి ఆ నౌకలో విలువ ఎక్కువ. తాము చేసే చప్పుడు ఎదుటివారికి వినబడకూడదు కాబట్టి, శత్రువు దగ్గరలో ఉన్నప్పుడు చేతిలోని పాన నేల మీద పడినా అది నేరమే.

రెండో గదిలోనూ నాలుగో గదిలోనూ పైన పడకలూ, అధికారుల గదులూ, వంటగదీ కనబడతాయి, అసలైనది మాత్రం నేల కింద ఉంటుంది. నౌకను నీటి అడుగున నడిపే బ్యాటరీలు అక్కడ ఉన్నాయి. వంటగది ముందు పెద్దవాళ్లు ఎప్పుడూ ఆగిపోతారు. మన ఇళ్లలో పూజగది కూడా అంతకంటే పెద్దదిగా ఉంటుంది మరి. 75 మందికి వండేది అందులోనే.

అయిదో గదిలో మూడు డీజిల్ ఇంజన్లు, ఆరో గదిలో విద్యుత్ మోటార్లు. ఈ తరగతి నౌకలకు వెనుక మూడు ప్రొపెల్లర్లుంటాయి. డీజిల్ ఉండగా మళ్లీ మోటార్లు దేనికని పిల్లలు తప్పక అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. డీజిల్ మండాలంటే గాలి కావాలి. నీటి అడుగున గాలి లేదు. కాబట్టి పైకి తేలినప్పుడు గాని, స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటి పైకి ఎత్తి గాలి పీల్చుకునేంత లోతులో ఉన్నప్పుడు గాని డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి. ఆ నింపుకున్నదానితో లోతులో మోటార్లు నడపాలి. కరెంటు ఉన్నంతసేపూ నింపుకుని, పోయినప్పుడు ఫ్యాను తిప్పే మన ఇంటి ఇన్వర్టరు కథే ఇది. ఇన్వర్టరు బ్యాటరీ నిండేటప్పుడు వాయువు వెలువడుతుందని, దాన్ని మూసిన గదిలో పెట్టవద్దని దుకాణంవాడు చెప్పే జాగ్రత్త ఇక్కడ ప్రాణాలకు సంబంధించినది. బ్యాటరీలు నిండేటప్పుడు వెలువడే హైడ్రోజన్ పోగుపడితే ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్ జలాంతర్గామి బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఎంత గుట్టుగా తిరిగినా ఊపిరి కోసం పైకి రాక తప్పదు, పట్టుబడేది అప్పుడే.

వేగం సంగతికి వస్తే, ఓడల వేగాన్ని కొలిచే నాట్ల లెక్కలో నీటిపై 16 నాట్లు, లోపల 15 నాట్లు. గంటకు 30 కిలోమీటర్ల లోపే, అంటే తగరపువలస వంతెన మీద నెమ్మదిగా పోయే స్కూటరు పాటి. అది విని పిల్లలు నిరాశపడతారు. పడనివ్వండి.

నౌక చరిత్రలో చెప్పవలసినది, సరిదిద్దవలసినది

చరిత్రను క్యూలో నిలబడ్డప్పుడు చెప్పడం మంచిది. కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది, 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 1967 డిసెంబరు 8న చేరిన కల్వరి మన మొదటి జలాంతర్గామి, ఆ తరువాత ఖండేరి, కరంజ్, ఆ వరుసలో నాలుగోది కుర్సురా. 31 సంవత్సరాలు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న సేవ నుంచి విరమించింది. ఆ మైళ్లను కిలోమీటర్లలోకి మారిస్తే 1,36,000 దాటుతుంది, భూమిని మూడు చుట్లు చుట్టి మరికొంత వెళ్లినట్లు లెక్క. నీటి నుంచి ఒడ్డుకు లాగి, పునాది మీద నిలబెట్టి, మ్యూజియంగా తీర్చేసరికి సుమారు ఏడాదిన్నర పట్టింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు దాన్ని ప్రారంభించారు, అదే నెల 24 నుంచి ప్రజలను అనుమతించారు. దక్షిణాసియాలో ఇలాంటి మ్యూజియం ఇదే మొదటిది. పనిచేస్తున్న నౌకలకు మాత్రమే దక్కే జెండాల అలంకరణ గౌరవాన్ని నౌకాదళం దీనికి ఇప్పటికీ ఇస్తోంది.

ఈ నౌక గురించి మన వైపు ఒక పొరపాటు గట్టిగా పాతుకుపోయింది. ఘాజీని ముంచింది ఇదేనని కొందరు, ఘాజీ అంటే ఇదేనని మరికొందరు క్యూలోనే పిల్లలకు చెప్పేస్తూ ఉంటారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం ఎదుట సముద్రంలో మునిగిపోయింది, దాని శిథిలం ఇప్పటికీ ఆ అడుగునే ఉంది. కుర్సురా ఆనాటి భారత్-పాకిస్తాన్ యుద్ధ కాలంలో గస్తీ తిరిగింది అవతలి వైపున, అరేబియా సముద్రంలో. బీచ్‌లో నౌక పక్కన నిలబడి సముద్రం వైపు చెయ్యి చూపి, ఘాజీ ఆ నీటి అడుగున ఉంది, ఈ ఒడ్డున ఉన్నది వేరు అని చెబితే పిల్లలు మరిచిపోరు. ఆ యుద్ధపు విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం కూడా అదే బీచ్ రోడ్డు మీద ఉంది.

ఎదుట ఉన్న వేటగాడు

రోడ్డు దాటగానే టీయూ-142 విమానం ఉంది. చాలామంది దాన్ని ముందు చూసి, తరువాత జలాంతర్గామికి వస్తారు. నేను మాత్రం తప్పనిసరిగా జలాంతర్గామి చూశాకే అక్కడికి తీసుకువెళ్లేవాణ్ణి. ఎందుకంటే సముద్రం మీద గంటల తరబడి ఎగురుతూ జలాంతర్గాములను వెతకడమే ఆ విమానం పని. నీటిలోకి జారవిడిచే సోనోబాయ్‌లు, అంటే అడుగున చప్పుళ్లు విని పైకి కబురు పంపే పరికరాలు, అక్కడ చూపిస్తారు. అరగంట క్రితం దాక్కునేవాడి వైపు నుంచి ఆలోచించిన పిల్లవాడు ఇప్పుడు వెతికేవాడి వైపు నుంచి ఆలోచిస్తాడు. స్నార్కెల్ ఎత్తే సమయం ఎందుకంత ప్రమాదమో ఆ పెద్ద రెక్కల కింద నిలబడితే తెలుస్తుంది. 1988 నుంచి 29 ఏళ్లు, ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరిన ఈ విమానాలను 2017 మార్చిలో విరమింపజేశారు. అదే సంవత్సరం డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఒక్కో ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగేలా ఉంటాయి. అది బయట నుంచే గమనించమనండి.

ఎవరు లోపలికి వెళ్లకపోవడం మంచిది

మోకాళ్ల నొప్పులున్నవారికి మెట్లు, గుమ్మాలు దాటడం కష్టం. ఇరుకు చోట్ల ఊపిరాడనట్లు అనిపించేవారిని మొహమాటపెట్టి తీసుకువెళ్లవద్దు, ఎందుకంటే మధ్యలో వెనక్కి తిరగాలంటే వెనుకనున్నవారందరూ తిరగాలి. చంకలో పసిబిడ్డ ఉన్న తల్లి కంటే బిడ్డ తలకే ఎక్కువ ప్రమాదం. ఒకసారి మాతో వచ్చిన ఒక పిల్లవాడి నాయనమ్మ లోపలికి రానంది. కళింగపట్నం దగ్గర మత్స్యకార కుటుంబం వారిది. ఆమె బయట నౌక నీడలో కూర్చుని దాని పొట్ట వైపు చాలాసేపు చూసి, నేను దిగివచ్చాక, "ఇది ఒడ్డుకెక్కిన పడవ గాదు బాబూ, నీల్లు మరిసిపోయిన పడవ" అంది. లోపలికి వెళ్లలేని పెద్దల కోసం అలా బయట కూర్చునే చోటు, నీళ్ల సీసా, ఒక తోడు ముందే ఏర్పాటు చేసుకోవాలి.

తిరిగి వచ్చాక

మరునాడు తరగతిలో తెల్లకాగితాలు ఇచ్చి, పుస్తకం చూడకుండా నౌకను పక్క నుంచి కోసినట్లు బొమ్మ వేయమనేవాణ్ణి. ఏడు గదులు, ఏ గదిలో ఏముందో రాయాలి. టార్పెడోలు ఎవరూ మరిచిపోరు, పెరిస్కోపును అసలు కంటే రెట్టింపు పొడవు వేస్తారు, వంటగదిలో గిన్నెలు కూడా వేసినవాళ్లున్నారు. దాదాపు అందరి బొమ్మలోనూ లోపించేది బ్యాటరీలే. అవి నేల కింద ఉన్నాయి, కంటికి కనబడలేదు. అందుకని ఆ తరువాతి ప్రయాణాల నుంచి, రెండో గదిలోనూ నాలుగో గదిలోనూ ఆగి, మడమతో నేలను రెండుసార్లు తట్టి, పిల్లల చేత కూడా తట్టించి, అప్పుడు ముందుకు కదిలేవాళ్లం.